సున్నితమైన విషయాల్లో రోగి సంరక్షణ: నర్సు దృక్కోణం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• లైంగిక ఆరోగ్యం, మత్తు అలవాట్ల గురించి రోగులు ఎందుకు దాస్తారో, నర్సులు అడగడానికి ఎందుకు వెనకాడతారో వివరించగలుగుతారు.
• రోగిని నొప్పించకుండా ఈ విషయాలు అడిగే పద్ధతిని పాటించగలుగుతారు.
• మద్యం ఒక్కసారిగా ఆగినప్పుడు కనిపించే ప్రమాద సంకేతాలను గుర్తించగలుగుతారు.
• లైంగిక సంక్రమణ వ్యాధులున్న రోగి సంరక్షణలో నర్సు పాత్రను చెప్పగలుగుతారు.
• గోప్యతకు సంబంధించిన చట్టాలను, వాటి పరిమితులను తెలుసుకుంటారు.

1. పరిచయం

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. నలభై ఐదేళ్ళ గని కార్మికుడు కాలు విరిగి ఆసుపత్రిలో చేరాడనుకోండి. చేర్చుకునేటప్పుడు బీపీ, షుగరు, ఇదివరకు జరిగిన ఆపరేషన్లు, పడని మందులు అన్నీ అడిగి కేస్ షీటులో రాశారు. మద్యం గురించి ఎవరూ అడగలేదు. పక్కనే భార్య, బావమరిది ఉన్నారు కాబట్టి ఆయనా చెప్పలేదు. మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. నొప్పివల్ల అనుకున్నారు. మరునాడు చేతులు వణికాయి. భయంవల్ల అనుకున్నారు. మూడో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేస్తూ, కట్టుకాలితోనే మంచం దిగబోయాడు. బంధువులు గాలి సోకిందన్నారు. వార్డు సిబ్బంది చేతులు మంచానికి కట్టేశారు. అసలు కారణం, రోజూ తాగే మద్యం మూడు రోజులుగా ఆగిపోవడం. ఈ స్థితికి చికిత్స ఉంది. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు.

ఇక్కడ లోపించింది మందులు కావు, పరికరాలు కావు, ఒక ప్రశ్న. ఈ పాఠం మొత్తానికి ఆధారమైన విషయం ఇదే: సున్నితమైన విషయాలు అడగడం మర్యాద తప్పడం కాదు. అది బీపీ చూడడం లాంటి వృత్తి బాధ్యత. అయితే రోగి నిజం చెప్పడమన్నది నర్సు ముఖంలో, మాటలో, తర్వాత ఆమె పాటించే మౌనంలో అతనికి కనిపించే భరోసాను బట్టి ఉంటుంది.

2. ఇల్లందు ప్రాంత నేపథ్యం

రోగి బతికే పరిసరాలు తెలియకుండా ఈ విషయాలు అర్థం కావు. ఈ పాఠంలో ఇల్లందును ఉదాహరణగా తీసుకుందాం. ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దున ఉన్న ఈ పట్టణం 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గును గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి బొగ్గు చరిత్రకు ఇదే తొలి అడుగు. భూగర్భ గనుల తర్వాత ఓపెన్‌కాస్టు గనులు వచ్చాయి. పట్టణం చుట్టూ కోయ గూడేలు, లంబాడీ తండాలు ఉన్నాయి.

అందువల్ల ఇక్కడి ఆసుపత్రికి వచ్చేవారిలో షిఫ్టు డ్యూటీ చేసే కార్మికులు, కాంట్రాక్టు కార్మికులు, లారీ డ్రైవర్లు, పోడు సాగుచేసే రైతులు, గూడేల నుంచి వచ్చే గర్భిణులు అందరూ ఉంటారు. మద్యం పట్ల అందరి దృష్టీ ఒకటి కాదు. కోయ కుటుంబాల్లో ఇప్పసారా, కల్లు పండుగలకు, పెళ్ళిళ్ళకు, చావు కర్మలకు సంబంధించిన ఆచారం. గని కార్మికుడికి అది డ్యూటీ దిగాక ఒళ్ళు నొప్పులకు మందు. రెండింటినీ 'తాగుబోతు' అన్న ఒకే మాటతో కొట్టిపారేస్తే, ఆచారంగా ఎప్పుడో ఒకసారి తాగే వ్యక్తినీ, తాగకపోతే చేతులు వణికే వ్యక్తినీ వేరుచేసి చూడలేం.

చిన్న ఊళ్ళో మరో చిక్కు ఉంది. నర్సు, రోగి ఒకే సంతలో కూరగాయలు కొంటారు. రోగి వదిన నర్సు ఇంటి పక్కనే ఉండవచ్చు. నగరంలో రోగికి కొంత అజ్ఞాతం దొరుకుతుంది. ఇక్కడ దొరకదు. కాబట్టి 'సిస్టరుకు చెబితే ఊరంతా తెలుస్తుంది' అన్న భయం అర్థంలేనిది కాదు. దాన్ని పోగొట్టే బాధ్యత నర్సుదే.

3. నర్సుకు ఎదురయ్యే అడ్డంకులు

రోగి సిగ్గు గురించి చాలామంది మాట్లాడతారు. నర్సు సిగ్గు గురించి తక్కువగా మాట్లాడతారు. కింది అడ్డంకులను మీలో మీరు గమనించుకోండి.

(అ) పెంపకం: ఇంట్లో నెలసరి మాట కూడా బయటకు అనని వాతావరణంలో పెరిగిన అమ్మాయి, నర్సింగ్ పూర్తిచేసినంత మాత్రాన పురుష రోగిని లైంగిక సమస్యల గురించి సులువుగా అడగలేదు. ఇది లోపం కాదు, అభ్యాసంతో పోయే ఇబ్బంది.

(ఆ) తీర్పు: 'చేజేతులా తెచ్చుకున్నాడు' అన్న భావం. తండ్రి లేదా భర్త తాగుడువల్ల కష్టపడిన నర్సుకు మత్తులో ఉన్న రోగిని చూస్తే కోపం రావడం సహజం. ఆ కోపం ఉందని గుర్తించడం మొదటి మెట్టు. గుర్తించని కోపం సూది వేసే చేతిలోనూ, నీళ్ళు ఇచ్చే ఆలస్యంలోనూ బయటపడుతుంది.

(ఇ) భయం: అడిగితే రోగి తప్పుగా అర్థం చేసుకుంటాడని, అసభ్యంగా మాట్లాడతాడని, సమస్య బయటపడితే ఏం చేయాలో తెలియదని.

(ఈ) సమయం, చోటు లేకపోవడం: మంచానికి మంచానికి మధ్య తెర కూడా లేని వార్డులో, ఒక్క నర్సు అనేకమందిని చూసే రాత్రి డ్యూటీలో ఏకాంతం దొరకడం కష్టం.

'పర్వాలేదు, చెప్పండి' అన్న ఒక్క మాట కొన్నిసార్లు చికిత్సలో సగం. 1952లో హిల్డెగార్డ్ పెప్లౌ అనే నర్సింగ్ సిద్ధాంతకర్త నర్సు, రోగి మధ్య ఏర్పడే సంబంధమే నర్సింగ్‌కు కేంద్రమని ప్రతిపాదించారు. ఆమె చెప్పింది సున్నితమైన విషయాలకు మరింతగా వర్తిస్తుంది.

4. అడిగే పద్ధతి

4.1 ఒంటరిగా అడగాలి

బంధువులను 'చీటీ రాయించుకు రండి', 'టీ తాగి రండి' అని కాసేపు బయటకు పంపండి. గది లేకపోతే డ్రెస్సింగ్ చేసే చోటో, బరువు చూసే మూలో వాడుకోండి. రోగికి కోయ లేదా లంబాడీ మాత్రమే వస్తే భర్తను, అత్తను, పిల్లలను దుబాసీలుగా పెట్టకండి. ఆ భాష వచ్చిన ఆశ కార్యకర్తనో, మరో సిబ్బందినో పిలిచి, విన్నది బయట చెప్పకూడదని వారికి ముందే చెప్పండి.

4.2 అందరినీ అడగాలి

వేషం చూసి కొందరినే అడిగితే అది అనుమానించడం అవుతుంది. అందరినీ అడిగితే అది పద్ధతి అవుతుంది. ఆ మాట రోగికి కూడా చెప్పాలి.

4.3 తెలిసిన మాటల్లో అడగాలి

తెలంగాణలో 'మందు' అంటే ఔషధమూ, మద్యమూ కూడా. 'మందు తీసుకుంటున్నారా?' అని అడిగితే రోగి 'బీపీకి వేసుకుంటున్న' అని జవాబివ్వవచ్చు. ఔషధానికి 'గోలీలు' అని, మద్యానికి సారా, కల్లు, బీరు, క్వార్టర్ అని పేరుపెట్టి అడగడం మేలు. అలాగే రోగులు వాడే మాటలకు వైద్యపరమైన అర్థం వెతకాలి. 'తెల్లబట్ట' అంటే యోని స్రావం. 'గజ్జల్లో బిళ్ళ' అంటే అక్కడి గ్రంథి వాపు. 'నరాల బలహీనత' అనే పురుషుడు తరచుగా అంగస్తంభన సమస్యనో, శీఘ్రస్ఖలనాన్నో చెప్పలేక చెబుతున్నాడు. 'వేడి చేసింది' అన్న మాటకు మరీ జాగ్రత్త అవసరం. ఎండాకాలం ఓపెన్‌కాస్టులో పనిచేసేవారికి నీరు చాలక మూత్రంలో మంట రావచ్చు. అది మూత్రనాళ ఇన్ఫెక్షన్ కావచ్చు, గనేరియా కూడా కావచ్చు. 'మజ్జిగ తాగు' అని పంపేముందు చీము పడుతోందా, పుండ్లు ఉన్నాయా, భార్యకు కూడా ఇబ్బంది ఉందా అని అడగాలి.

4.4 నమూనా సంభాషణ

నర్సు: అన్నా, ఈ వార్డుల చేరినోళ్ళందరినీ అడుగుతం. సారా, కల్లు, బీరు లాంటి అలవాటు ఉందా?
రోగి: ఎప్పుడన్న పండుగకు, పబ్బానికి సిస్టర్.
నర్సు: సరే అన్నా. తాగినందుకు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. రోజూ అలవాటున్న మనిషికి ఒక్కసారే ఆగితే రెండు మూడు రోజులల్ల ఫిట్స్ రావచ్చు. ముందే తెలిస్తే రాకుండ గోలీలు ఇస్తం. మీకు చికిత్స చేసేటోళ్ళకు తప్ప ఎవరికీ చెప్పం. ఆఖరుకు ఎప్పుడు తాగిండ్రు?
రోగి: నిన్న పొద్దుగాల. రోజూ డ్యూటీ దిగంగనే ఒక క్వార్టర్ సిస్టర్. ఈ మధ్య పొద్దున కూడ పడాల్సి వస్తాంది. మా ఇంటామెకు చెప్పకుండ్రి.

ఇందులో నర్సు మూడు పనులు చేసింది. అందరినీ అడిగే ప్రశ్న అని చెప్పింది, ఎందుకు అడుగుతోందో చెప్పింది, విషయం ఎవరికి తెలుస్తుందో నిజాయితీగా చెప్పింది. 'ఎవ్వరికీ చెప్పను' అని అనలేదు. డాక్టరుకు చెప్పక తప్పదు కాబట్టి, నిలబెట్టుకోలేని మాట ఇవ్వకూడదు.

మీ అభివృద్ధిని పరీక్షించుకోండి – 1
1. సున్నితమైన ప్రశ్నలు అందరు రోగులనూ ఎందుకు అడగాలి?
2. 'వేడి చేసింది' అన్న ఫిర్యాదుకు ఉండగల మూడు కారణాలు రాయండి.

5. మత్తు అలవాట్లు: నర్సు తెలుసుకోవలసినవి

5.1 నాలుగు ప్రశ్నల పరీక్ష

జాన్ యూయింగ్ రూపొందించిన 'కేజ్' ప్రశ్నావళిని మన మాటల్లో ఇలా అడగవచ్చు: (1) తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? (2) తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకు వస్తోందా? (3) తాగినందుకు తప్పు చేశానని బాధపడ్డారా? (4) పొద్దున లేవగానే వణుకు తగ్గడానికి తాగాల్సి వస్తోందా? రెండు లేదా అంతకన్నా ఎక్కువ 'అవును' అని వస్తే ఆ రోగిని డాక్టరు మరింత పరిశీలించాలి. వీటితో పాటు రోజుకు ఎంత, ఆఖరుసారి ఎప్పుడు, ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా అన్న మూడు సంగతులు తప్పనిసరిగా రాయాలి.

5.2 ఆగిన తర్వాతి గంటలు

ఆఖరుసారి తాగిన తర్వాత ఆరు గంటల నుంచి వణుకు, చెమట, వాంతులు, నిద్రలేమి, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా 6 నుంచి 48 గంటల మధ్య వస్తాయి. అయోమయం, లేనివి కనిపించడం, జ్వరం, విపరీతమైన ఆందోళనతో కూడిన డెలీరియం ట్రెమెన్స్ సాధారణంగా 48 నుంచి 96 గంటల మధ్య వస్తుంది. పరిచయంలో చెప్పిన కార్మికుడి స్థితి ఇదే.

నర్సు చేయవలసినవి: నాడి, బీపీ, ఉష్ణోగ్రత, వణుకు తరచుగా చూసి రాయడం. వెలుతురున్న, గోల లేని చోట మంచం ఇవ్వడం. పక్కన తెలిసిన మనిషిని ఉంచడం. ఎక్కడున్నాడో, ఏ రోజో మెల్లగా గుర్తుచేయడం. డాక్టరు రాసిన డయజిపామ్ లేదా లోరజిపామ్ వేళకు ఇచ్చి శ్వాసను గమనించడం. దీర్ఘకాలం తాగినవారిలో థయమిన్ లోపం ఉంటుంది కాబట్టి గ్లూకోజు ఎక్కించే ముందు లేదా దానితో పాటు థయమిన్ ఇవ్వాలా అని డాక్టరుకు గుర్తుచేయడం. రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పితే మాత్రం గ్లూకోజు ఆలస్యం చేయకూడదు. కట్టేయడం చికిత్స కాదు.

5.3 మందు కల్లు

చెట్టు నుంచి దించిన కల్లుకూ, తెలంగాణలో 'మందు కల్లు' అని పిలిచే కల్తీ కల్లుకూ తేడా ఉంది. రెండోదానిలో అల్ప్రాజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు పదార్థాలు కలుపుతారు. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎందరో ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆసుపత్రులకు వచ్చారు. వారిలో ఆడవాళ్ళూ ఉన్నారు. కాబట్టి 'కల్లే కదా' అని వదిలేయకుండా 'చెట్టు కల్లా, దుకాణం కల్లా?' అని అడగాలి. ఆడవాళ్ళనూ అడగాలి.

5.4 కుటుంబం

తాగుడుపై కుటుంబ స్త్రీల ఆగ్రహానికి మన దగ్గర పెద్ద చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఎగసిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. చట్టం అంగడిని మూయగలదు కానీ, ఆధారపడిన శరీరానికి చికిత్స వేరుగా కావాలి.

విసిగిపోయిన భార్యలు కొన్నిసార్లు మద్యం మాన్పించే పొడులు కూరలో తెలియకుండా కలుపుతారు. వాటిలో డైసల్ఫిరామ్ ఉంటే, దాని మీద మద్యం తాగిన మనిషికి ముఖం ఎర్రబడి, వాంతులు, బీపీ పడిపోవడం వంటివి వస్తాయి. ప్రాణాపాయం కూడా కావచ్చు. ఆ మందు రోగి ఇష్టపడి, డాక్టరు పర్యవేక్షణలో వాడాల్సినది. ఆమెను తిట్టకండి. ఆమె కష్టం విని, డాక్టరు దగ్గరికి ఇద్దరినీ పంపండి. ఇంట్లో కొడుతున్నాడని చెబితే 181 మహిళా హెల్ప్‌లైన్ సంగతి చెప్పండి. మత్తు మానాలనుకునేవారికి 14446, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి.

మీ అభివృద్ధిని పరీక్షించుకోండి – 2
3. డెలీరియం ట్రెమెన్స్ సాధారణంగా ఏ గంటల మధ్య వస్తుంది?
4. 'చెట్టు కల్లా, దుకాణం కల్లా?' అని ఎందుకు అడగాలి?

6. లైంగిక ఆరోగ్యం: నర్సు పాత్ర

6.1 లక్షణాల ఆధారంగా చికిత్స

ప్రయోగశాల సౌకర్యం తక్కువగా ఉన్న చోట లైంగిక సంక్రమణ వ్యాధులకు లక్షణాల ఆధారంగా చికిత్స చేస్తారు. జాతీయ కార్యక్రమం కింద రంగురంగుల కిట్లు ఇస్తారు. మూత్రనాళ, గర్భాశయ ముఖ స్రావానికి బూడిద రంగు, యోని స్రావానికి ఆకుపచ్చ, పుండ్లకు తెలుపు, పెన్సిలిన్ పడనివారి పుండ్లకు నీలం, హెర్పిస్‌కు ఎరుపు, పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల్లో బిళ్ళకు నలుపు.

కిట్టు చేతికివ్వడంతో పని అయిపోదు. భాగస్వామికి కూడా చికిత్స జరగకపోతే వ్యాధి తిరిగి వస్తుంది. ఇక్కడే చిక్కు. తెల్లబట్టతో వచ్చిన స్త్రీకి 'మీ ఆయన వల్లే వచ్చింది' అంటే ఇంట్లో గొడవ. అసలు చెప్పకపోతే చికిత్స వృథా. పైగా తెల్లబట్ట అంతా లైంగిక వ్యాధి కాదు. మామూలు స్రావమూ, ఫంగస్ వల్ల వచ్చేదీ ఉంటాయి. కాబట్టి నిందను పక్కనపెట్టి 'అక్కా, ఇది ఇద్దరూ ఒకేసారి గోలీలు వాడితేనే పోయే జబ్బు. ఆయన్ని ఒకసారి తీసుకురండి' అనడం మేలు. కోర్సు పూర్తిచేయడం, నయమయ్యేదాకా కలయిక మానడం లేదా నిరోధ్ వాడడం, ఐసీటీసీలో హెచ్‌ఐవీ పరీక్ష, సిఫిలిస్ పరీక్ష చేయించుకోవడం గురించి చెప్పాలి. హెచ్‌ఐవీ సమాచారానికి 1097 ఉచిత నంబరు.

6.2 నాలుగు మెట్ల నమూనా

లైంగిక సమస్యలన్నీ అంటువ్యాధులు కావు. జాక్ అనాన్ 1976లో వివరించిన నమూనాలో నాలుగు మెట్లు ఉన్నాయి: అనుమతి, పరిమిత సమాచారం, నిర్దిష్ట సూచనలు, నిపుణుల చికిత్స. మొదటి రెండు మెట్లు ఏ నర్సైనా ఎక్కగలిగినవే. గర్భసంచి తీసేసిన స్త్రీ డిశ్చార్జి వేళ ఏదో అడగబోయి ఆగిందనుకోండి. 'ఈ ఆపరేషన్ అయినవాళ్ళు, మళ్ళీ భర్తతో ఎప్పటినుంచి కలవొచ్చని అడుగుతుంటారు. మీకూ ఏమైనా అడగాలని ఉందా అక్కా?' అంటే అది అనుమతి. లోపలి కుట్లు మానడానికి సాధారణంగా ఆరు వారాలు పడుతుంది, డాక్టరు చూసి చెప్పాకే అని చెప్పడం పరిమిత సమాచారం. భార్యాభర్తల మధ్య దీర్ఘకాల సమస్య అయితే నిపుణుల దగ్గరికి పంపాలి.

మద్యానికీ లైంగిక ఆరోగ్యానికీ సంబంధం ఉందని కూడా చెప్పాలి. అతిగా తాగడం అంగస్తంభనను దెబ్బతీస్తుంది. మత్తులో నిరోధ్ వాడకం తప్పుతుంది. 'నరాల బలహీనత'కు మందులు వెతికే పురుషుడికి ఈ సంగతి తాగుడు తగ్గించే కారణం కావచ్చు.

7. గోప్యత: చట్టం ఏమంటుంది?

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం, 2017: ఇది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. రోగికి వివరించి సమ్మతి తీసుకున్నాకే పరీక్ష చేయాలి. రోగి స్థితిని భాగస్వామికి చెప్పే అధికారం, అదీ కొన్ని షరతులతో, డాక్టరుకు లేదా కౌన్సెలర్‌కు మాత్రమే ఉంది, నర్సుకు లేదు. ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవీ అధికంగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. మంచానికి ప్రత్యేక గుర్తు పెట్టడం, కేస్ షీటు అట్ట మీద ఎర్ర సిరాతో రాయడం తప్పు. జాగ్రత్తలు అందరు రోగుల విషయంలోనూ ఒకటే.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017: మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులు కూడా దీని పరిధిలోకి వస్తాయి. అందువల్ల వాటికి చికిత్స పొందే వ్యక్తికీ గౌరవానికి, గోప్యతకు హక్కు ఉంది.

పోక్సో చట్టం, 2012: ఇక్కడ గోప్యతకు పరిమితి ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండని వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే ఫిర్యాదు చేయడం తప్పనిసరి. పదహారేళ్ళ అమ్మాయి గర్భంతో వస్తే, పెళ్ళి అయినా సరే, నర్సు వెంటనే వైద్యాధికారికి తెలపాలి. గర్భస్రావం కోరే మైనరు, ఆమె సంరక్షకుడు కోరితే డాక్టరు ఫిర్యాదులో ఆమె పేరు వెల్లడించనక్కర లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది. పోలీసు భయంతో ఆ అమ్మాయి ఆసుపత్రికి రాకుండా పోకూడదన్నదే దీని సారం.

చట్టం చూడని చోట్లు కూడా ఉన్నాయి. డ్యూటీ అప్పగించేటప్పుడు రోగి వినేలా, పక్క మంచం వినేలా చెప్పడం, క్యాంటీనులో ముచ్చట, ఫోటోలో పడిన కేస్ షీటు. చిన్న ఊళ్ళో ఒక్క మాట జారినా ఆ ఒక్క రోగితో ఆగదు. ఆ గూడెం నుంచి మరొకరు రావడం మానేస్తారు.

8. నర్సు భద్రత

గౌరవంగా అడగడమంటే అవమానాన్ని భరించడం కాదు. రోగి అసభ్యంగా మాట్లాడితే 'ఈ మాటలు వద్దు. మీ జబ్బు గురించి చెప్పండి' అని స్థిరంగా చెప్పి, అవసరమైతే మరో సిబ్బందిని పిలవండి. మర్మావయవాల పరీక్షలో తోడుగా ఒకరు ఉండాలి. మత్తులో ఉన్న బంధువుల దాడి నుంచి రక్షణకు 2008లో వైద్య సిబ్బందిపై హింసను నిరోధించే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది. సూది గుచ్చుకుంటే దాచకండి. నీళ్ళు, సబ్బుతో కడిగి వెంటనే తెలపండి. హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైతే రెండు గంటల్లోపే, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. రోగి దాచకూడదని కోరే మనం మన విషయంలోనూ దాచకూడదు.

9. సారాంశం

సున్నితమైన విషయాలను అడగకపోవడం వల్ల రోగికి హాని జరుగుతుంది. నర్సు తన సిగ్గును, తీర్పును ముందు తాను గుర్తించాలి. ఒంటరిగా, అందరినీ, రోగికి తెలిసిన మాటల్లో, కారణం చెప్పి అడగాలి. మద్యం లేదా మందు కల్లు ఆగిన తర్వాతి నాలుగు రోజులు కీలకం. లైంగిక సంక్రమణ వ్యాధుల్లో భాగస్వామి చికిత్స తప్పనిసరి. గోప్యత చట్టబద్ధమైన బాధ్యత. దానికి పరిమితి ఉన్న చోట ఆ సంగతి రోగికి ముందే చెప్పాలి.

10. మీ అభివృద్ధిని పరీక్షించుకోండి – జవాబులు

1. కొందరినే అడిగితే అనుమానించినట్టు అవుతుంది. అందరినీ అడిగితే పద్ధతి అవుతుంది, ఎవరి సమస్యా తప్పిపోదు.
2. శరీరంలో నీరు తగ్గడం, మూత్రనాళ ఇన్ఫెక్షన్, గనేరియా.
3. ఆఖరుసారి తాగిన 48 నుంచి 96 గంటల మధ్య.
4. దుకాణం కల్లులో మత్తు మందులు కలిసి ఉండవచ్చు. అది ఆగినా ఫిట్స్ రావచ్చు.

11. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సున్నితమైన విషయాలు అడగడంలో నర్సుకు ఎదురయ్యే అడ్డంకులను, వాటిని అధిగమించే పద్ధతులను చర్చించండి.
2. మద్యం ఆగిన రోగికి మొదటి నాలుగు రోజుల నర్సింగ్ సంరక్షణను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నాలుగు మెట్ల నమూనాను మీ ప్రాంతపు ఉదాహరణతో వివరించండి.
2. గోప్యతకు పోక్సో చట్టం విధించే పరిమితి ఏమిటి?

III. అభ్యాసం
మీ ప్రాంతంలో మత్తు అలవాట్లకు, లైంగిక సమస్యలకు ప్రజలు వాడే పది మాటలు సేకరించి, ఒక్కొక్కదానికి వైద్యపరమైన అర్థం రాయండి. ఎవరి పేర్లూ రాయకండి.